ఫ్రీజర్ పెట్టెలో భోజనం: కొనదగినదేది, తినదగినదేది

ఫ్రోజెన్ రెడీ మీల్స్ మంచివా కావా అన్న ప్రశ్న వచ్చినప్పుడు సాధారణంగా వాటిని ఇంటి వంటతో పోల్చి తీర్పు చెబుతారు. హైదరాబాదులో ఆ పోలిక సరిపోదు. రాత్రి ఎనిమిదిన్నరకు మాదాపూర్ నుంచో గచ్చిబౌలి నుంచో బయలుదేరి, ట్రాఫిక్ దాటుకుని కూకట్‌పల్లి చేరిన మనిషి వంట చేసే ఓపిక లేని రోజున ఏం చేస్తాడో అందరికీ తెలుసు: బియ్యం కడిగి కుక్కర్‌లో పెట్టి, సందు చివరి కర్రీ పాయింట్‌కు వెళ్లి, ఒక వేపుడు, ఒక పప్పు, ఒక సాంబారు కట్టించుకుని, మూడో విజిల్ వచ్చేలోగా తిరిగి వస్తాడు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల పక్కన బతికినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అందుచేత సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లోని ట్రే ఈ నగరంలో ముందుగా గెలవవలసింది ఆ కర్రీ పాయింట్‌ను. కొంతకాలంగా రత్నదీప్, డీమార్ట్ వంటి దుకాణాలలోనూ, పది నిమిషాల డెలివరీ యాప్‌లలోనూ దొరికే ఫ్రోజెన్ పదార్థాలను కొని, మామూలు గ్యాస్ పొయ్యి, మామూలు మైక్రోవేవ్ ఉన్న మా ఇంట్లో వండి, తిని, లేబుళ్లు చదివి రాస్తున్న సమీక్ష ఇది. బీపీ ఉన్న అత్తగారు, షుగర్ ఉన్న మామగారు, ఏది పెట్టినా సాస్ అడిగే పిల్లవాడు ఇంట్లో ఉన్నారు కనుక పరీక్షకు మనుషుల కొరత రాలేదు.

ముందుగా ఒక విభజన అవసరం. ఫ్రీజర్ అద్దం తలుపు వెనుక ఉన్నవన్నీ ఒకే జాతి కావు. పచ్చి బఠాణీ, స్వీట్ కార్న్, ఒలిచిన రొయ్యలు వంటివి కేవలం గడ్డకట్టించిన ముడిసరుకు. పరోటాలు, మోమోలు, చికెన్ నగ్గెట్స్, ఆలూ టిక్కీలు సగం తయారై మన పెనం మీదో మూకుడులోనో పూర్తి కావలసినవి. పనీర్ బటర్ మసాలా, దాల్ మఖనీ, బిర్యానీ, రాజ్మా చావల్ వంటి ట్రేలు మాత్రమే పూర్తి భోజనాలు. వీటితో పాటు దుకాణంలో మామూలు అరలో దొరికే రెడీ టు ఈట్ రేకు పాకెట్లను కూడా చాలామంది ఫ్రోజెన్ అనే అనుకుంటారు. అవి రిటార్ట్ పద్ధతిలో, పాకెట్టులోనే సుమారు 121 డిగ్రీల వేడిలో ఉడికించి సూక్ష్మజీవులను చంపినవి, వాటికి చల్లదనంతో పనిలేదు. వాటి సంగతి ఇక్కడ చర్చించడం లేదు.

గడ్డకట్టించడం గురించి మన ఇళ్లలో ఉన్న అనుమానం పాతదే. "రాత్రి మిగిలిన అన్నం పొద్దున తినమంటే మొహం తిప్పుకుంటారు, ఆరు నెలల కిందటి రొట్టె మాత్రం డబ్బిచ్చి తెచ్చుకుంటారు" అని మా అత్తగారు అన్నారు. మాట పదునైనదే గానీ, ఆ రొట్టె మీద పడిన నింద అది మోయవలసినది కాదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగలేవు. అందుకే ఫ్రోజెన్ ఆహారానికి నిలవ ఉంచే రసాయనాలు సాధారణంగా అక్కరలేదు. నిలవ ఉంచే పని చలే చేస్తుంది. 1910ల తొలి సంవత్సరాలలో కెనడా లాబ్రడార్ ప్రాంతంలో ఉన్న క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్, అక్కడి ఇన్యూట్ ప్రజలు పట్టిన చేప గాలికి క్షణాల్లో గడ్డకట్టి, నెలల తరువాత వండినా తాజాగా ఉండడం గమనించి, 1920లలో దానికి యంత్రం తయారుచేశాడు. అందులోని కిటుకు వేగం. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి పదార్థంలోని కణాలను చీల్చివేస్తాయి, కరిగినప్పుడు నీరు కారి పదార్థం మెత్తబడిపోతుంది. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవిగా ఉండి ఆ నష్టం తగ్గుతుంది. మన ఇంటి ఫ్రీజర్‌లో పెట్టిన టమాటా ముద్దగా మారడానికీ, ఫ్యాక్టరీ బఠాణీ గింజకు గింజ విడిగా రాలడానికీ కారణం ఈ తేడాయే. అయితే చలి సూక్ష్మజీవులను నిద్రపుచ్చుతుందే తప్ప చంపదు. కరిగి వెచ్చబడిన పదార్థంలో అవి మళ్లీ లేచి పెరుగుతాయి.

బఠాణీతో మొదలుపెడితే, ఈ మొత్తం సరుకులో నిస్సంకోచంగా కొనదగినది అదే. హైదరాబాదులో మంచి పచ్చి బఠాణీ చలికాలంలోనే దొరుకుతుంది. ఎర్రగడ్డ రైతు బజారులోనో మోండా మార్కెట్లోనో డిసెంబరు, జనవరి నెలలలో కాయలు కొని ఒలుచుకుంటే దానికి సాటి లేదు. వేసవిలో మాత్రం ఒలిచి పోసి అమ్మే ఆకుపచ్చని గింజలలో ఎండు బఠాణీ నానబెట్టి రంగు వేసినవి కలిసే అవకాశం ఉంది. ఫ్రోజెన్ బఠాణీని కోసిన కొద్ది గంటల్లో వేడినీళ్లలో ముంచి తీసి గడ్డకట్టిస్తారు. ఆ ముంచడంలో సి విటమిన్ కొంత పోతుంది, నిజమే. కానీ ఒలిచిన తాజా బఠాణీ కూడా రోజుల తరబడి బండి మీద, బుట్టలో, ఫ్రిజ్‌లో తిరిగేసరికి దాన్ని పోగొట్టుకుంటూనే ఉంటుంది. పాకెట్టు వెనుక పదార్థాల జాబితాలో బఠాణీ అన్న ఒక్క మాట తప్ప మరేదీ లేకపోవడం చూసి తీసుకుంటే చాలు. స్వీట్ కార్న్, రొయ్యల విషయమూ అంతే. రొయ్యల పాకెట్టులో మాత్రం పైన పూసిన మంచు పొర బరువు పోగా మిగిలే నికర బరువు ఎంతో చూసుకోవాలి.

ఇక ట్రే భోజనాల దగ్గరికి వస్తే తీర్పు తలకిందులవుతుంది. ఒక పనీర్ కూర, అన్నం ట్రేను మైక్రోవేవ్‌లో పాకెట్టు మీద రాసినన్ని నిమిషాలు పెట్టి తీశాను. అంచుల వెంబడి గ్రేవీ బుడగలు కక్కుతోంది, ప్లాస్టిక్ పొర ఉబ్బింది, మధ్యలో చెంచా గుచ్చితే పనీరు ముక్క పంటికింద రాయిలా ఉంది. మైక్రోవేవ్ తరంగాలను నీరు పీల్చుకున్నంతగా మంచు పీల్చుకోలేదు. ఎక్కడ ముందు కరిగితే అక్కడే మరింత వేడెక్కుతుంది, గడ్డగా ఉన్న చోటు గడ్డగానే ఉండిపోతుంది. కనుక సగం సమయానికి ఆపి, బాగా కలిపి, మళ్లీ పెట్టి, తీసిన తరువాత రెండు నిమిషాలు మూతతో వదిలేయాలి. అలా చేసిన రెండో ట్రే మెరుగ్గానే వచ్చింది. కానీ అన్నం, కూర వేరువేరు గదులలో ఉన్న ట్రేను కలపడం ఎలా? అన్నం ఆరిపోయి అంచుల దగ్గర గట్టి పలుకులుగా మారేవరకు కూర మధ్యభాగం వేడెక్కలేదు. చివరికి కూరను గిన్నెలోకి తీసి పొయ్యి మీదే వేడి చేయవలసి వచ్చింది. గిన్నె, గరిటె, పొయ్యి అన్నీ వాడిన తరువాత ట్రే ఆదా చేసిన శ్రమ ఏమిటన్నది నా సందేహం. రుచి విషయంలో గ్రేవీలు పరవాలేదు. జీడిపప్పు, టమాటా, క్రీము కలిపిన చిక్కని గ్రేవీ గడ్డకట్టడాన్ని బాగా తట్టుకుంటుంది, దాల్ మఖనీ అయితే ఒక మోస్తరు హోటల్ కూరకు తీసిపోలేదు. బిర్యానీ మాత్రం ఈ ఊరివారికి పెట్టదగిన వస్తువు కాదు. దమ్ము వాసన పోయి, మసాలా అన్నం మిగిలింది, మాంసం ముక్క పీచుగా ఉంది. అదే డబ్బుకు నాలుగు వీధులలో ఏ వీధికి వెళ్లినా వేడి బిర్యానీ దొరికే నగరంలో దాన్ని ఎవరు కొంటారో నాకు బోధపడలేదు.

ఆరోగ్యం సంగతి రుచిలా నాలుకతో తేలేది కాదు, పాకెట్టు వెనుక చిన్న అక్షరాలలో తేలుతుంది. దేశంలో ఆహార భద్రత, ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నిబంధనల ప్రకారం అక్కడ శక్తి, మొత్తం కొవ్వు, సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, కలిపిన చక్కెర, సోడియం వంటి వివరాలు ఉండాలి. ఒక వడ్డనలో రోజువారీ పరిమితిలో ఎంత శాతం ఉందో కూడా చెప్పాలి. ఆ శాతాలకు ఆధారం రోజుకు 2000 కిలో క్యాలరీలు, 67 గ్రాముల కొవ్వు, అందులో 22 గ్రాముల సంతృప్త కొవ్వు, 2000 మిల్లీగ్రాముల సోడియం. ఆ సోడియం అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు, చెంచాడు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసూ ఉప్పును ఆ హద్దులోనే ఉంచమంటాయి. ఇప్పుడు 100 గ్రాములకు 450 మిల్లీగ్రాముల సోడియం అని రాసి ఉన్న 300 గ్రాముల ట్రే ఒకటి మీ చేతిలో ఉందనుకోండి. ట్రే మొత్తం తింటే 1350 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 3.4 గ్రాముల ఉప్పు. ఆ ఒక్క పూటలోనే రోజు కోటాలో మూడింట రెండు వంతులు అయిపోతుంది. పక్కన ఆవకాయ బద్ద పెట్టుకుంటే మిగిలినదీ అయిపోతుంది. ఇందులో కంపెనీ అబద్ధమేమీ ఆడలేదు, 100 గ్రాముల లెక్కను మన ఆకలికి మార్చుకునే పని మాత్రం మనకు వదిలింది. వడ్డన పరిమాణం విషయంలోనూ అంతే: ఇద్దరు తినేంత అని రాసిన పాకెట్టును ఒక్కడు తినేస్తే శాతాలన్నీ రెట్టింపవుతాయి. బీపీ ఉన్నవారు మరే అంకె చూడకపోయినా సోడియం అంకె చూడాలి.

రెండవ అంకె మాంసకృత్తులది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కలో 65 కిలోల పురుషుడికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి దాదాపు 46 గ్రాములు కావాలి. అందులో మూడో వంతు ఒక భోజనంలో రావాలనుకుంటే ట్రేలో కనీసం 15 గ్రాములు ఉండాలి. నేను చూసిన శాకాహార ట్రేలలో అంత ఉన్నది అరుదు; బియ్యం, గ్రేవీ, పనీరు ముక్కలు లెక్కపెట్టినట్టు వేసి ఊరుకున్నవే ఎక్కువ. కూరగాయల సంగతి మరీ దారుణం. అదే జాతీయ పోషకాహార సంస్థ ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటుంటే, ఫ్రీజర్ ట్రేలో కూరగాయ అన్నది క్యాప్సికమ్ రిబ్బన్ల రూపంలో అలంకారంగా కనిపిస్తుంది.

ఇప్పుడు కర్రీ పాయింట్‌ను ఈ ట్రేతో పోల్చి చూడండి. ట్రే ఒక్కొక్కటి 150 రూపాయలకు తక్కువ దొరకడం కష్టం, 250 దాకా పోతుంది, ఒకరికే సరిపోతుంది. కర్రీ పాయింట్‌లో కూర పాకెట్టు ప్రాంతాన్ని బట్టి 30 నుంచి 60 రూపాయలు. అన్నం ఇంట్లో వండుకుంటే రెండు కూరలు, ఒక పులుసుతో ఇద్దరి భోజనం ఒక ట్రే ధరలో ముగుస్తుంది. పైగా అక్కడ దొండకాయ వేపుడు, బెండకాయ పులుసు, పాలకూర పప్పు, గోంగూర, వంకాయ, బీరకాయ ఉంటాయి. "అమ్మా, తోటకూర ఇప్పుడే దించాం, అది తీసుకోండి" అని మా వీధిలోని కర్రీ పాయింట్ ఆమె చెప్పినప్పుడు కాలమానం కూడా తెలిసిపోతుంది: ఉదయం వండింది రాత్రికి అయిపోతుంది, మిగిలితే ఆమెకు నష్టం. కూరగాయ పరిమాణంలోనూ, రకంలోనూ, ధరలోనూ ట్రే దీనికి దరిదాపుల్లో లేదు.

అలాగని కర్రీ పాయింట్ ఆరోగ్యానికి నిలయమని నేను చెప్పబోవడం లేదు. వేపుళ్లలో నూనె ధారాళంగా పోస్తారు, ఆ నూనె ఏదో, ఎన్నోసారి కాగుతోందో మనకు తెలియదు. వాడిన నూనెలో, పదేపదే కాగడం వల్ల పేరుకునే ధ్రువ సమ్మేళనాలు (పోలార్ కాంపౌండ్స్) 25 శాతం దాటితే ఇక దానితో వండకూడదని ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. 2018 నుంచి నియమం పెట్టింది. సందు చివరి మూకుడు ఆ పరీక్షకు ఎన్నిసార్లు నిలబడుతుందో ఊహించుకోవచ్చు. సెగలు కక్కే సాంబారును పలచని పాలిథిన్ కవరులో పోసి దారంతో బిగించడం మరొక ఇబ్బంది, దానికి స్టీలు డబ్బా తీసుకువెళ్లడమే మందు. ఫ్రీజర్ ట్రేకు ఇక్కడ ఒక్క గెలుపు ఉంది: అందులో ఏముందో అది రాసి చెబుతుంది, ఉప్పు ఎంతో అంకెతో సహా ఒప్పుకుంటుంది. కర్రీ పాయింట్ కూరలో ఉప్పు అంతకన్నా తక్కువని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ తేడా బీపీ మాత్రలు వేసుకునే మనిషికి చిన్నదేమీ కాదు. అయినా సాంబారు సగమే పోసుకుని పెరుగన్నం ఎక్కువ తినే స్వేచ్ఛ కర్రీ పాయింట్ భోజనంలో ఉంది, కట్టి పెట్టిన ట్రేలో లేదు.

సగం తయారైన పదార్థాలలో అందరి ఇళ్లకూ ఎక్కువగా చేరేది పరోటా. దీన్ని బాగా చేస్తున్నారని ఒప్పుకోవాలి. కరగనివ్వకుండా, గడ్డగా ఉన్నప్పుడే వేడెక్కిన పెనం మీద వేసి, మధ్యమ మంట మీద రెండు వైపులా తిప్పి, దించిన వెంటనే రెండు అరచేతుల మధ్య ఇరువైపుల నుంచి చరిస్తే పొరలు విడివడతాయి. ఇంట్లో అంత పలచని పొరలు రప్పించాలంటే గంట పని. కరగనిచ్చిన పరోటా మాత్రం మైనపు కాగితానికి అతుక్కుని, పెనం మీద పొరలు విచ్చక చపాతీలా మిగిలిపోతుంది. ఇది సౌకర్యం సంగతి. జాబితా చదివితే మైదా, నీరు, పామాయిల్, ఉప్పు, చక్కెర అని వరుసగా కనిపిస్తాయి, బరువులో ఎక్కువైనది ముందు రాయాలన్న నియమం ఉంది కనుక ఆ వరుసే కథ చెబుతుంది. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. గోధుమ పరోటా అని ముందు వైపు పెద్ద అక్షరాలతో రాసిన పాకెట్టు వెనుక మైదా కూడా ఉన్న సందర్భాలు నాకు ఎదురయ్యాయి, గోధుమపిండి ఎంత శాతమో అక్కడే చూసుకోవాలి. ధర విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది: 18 శాతం జీఎస్టీ పడుతున్న పరోటాలను 2025 సెప్టెంబరు 22 నుంచి రొట్టెలన్నిటితో పాటు సున్నా పన్నులోకి మార్చారు. రొట్టెకు లేని పన్ను పరోటాకు ఎందుకన్న వాదన అధికారుల ముందు ఏళ్ల తరబడి నడిచింది, చివరికి పరోటాయే గెలిచింది. మా ఇంట్లో దీన్ని అతిథులు వచ్చినప్పుడు, ఆదివారాలలో ఎప్పుడైనా వాడతాం. మామగారికి మాత్రం ఆ రోజు జొన్న రొట్టె వేరుగా చేస్తాను.

ఇడ్లీ గురించి రెండు మాటలు. ఆవిరి మీద ఉడికిన పదార్థం కనుక గడ్డకట్టడాన్ని బాగా ఓర్చుకుంటుంది, మళ్లీ ఆవిరి పట్టిస్తే మెత్తబడుతుంది. కానీ పది నిమిషాల నడకలో తడి పిండి, పొద్దున్నే టిఫిన్ బండి ఉన్న ఊరిలో దాని అవసరం ఎవరికో ఆలోచించాలి. డాలస్‌లోని మా చెల్లెలి ఫ్రీజర్‌లో అది బంగారమే, పక్కనే ములక్కాడ ముక్కలు, తురిమిన కొబ్బరి కూడా ఉంటాయి. ఇక్కడి ఫ్రీజర్లలో విచిత్రం ఏమిటంటే, తెలుగు నగరం నడిబొడ్డున ఉన్న దుకాణంలో పంజాబీ గ్రేవీలు, మలబారు పరోటాలు, టిబెటన్ మోమోలు దొరుకుతాయి గానీ, ముద్దపప్పు, పులుసు, గోంగూర మాంసం కనిపించవు. పప్పు, గోంగూర, హలీం వంటివి చిక్కగా, ముద్దగా ఉండి గడ్డకట్టడానికి స్వభావరీత్యా అనుకూలమైనవే. బియ్యప్పిండితో చిక్కబరిచిన పులుసు కరిగినప్పుడు నీరు విడిచి విరిగినట్టు కనిపిస్తుంది, అందుకే కంపెనీలు గ్రేవీలలో మార్పు చేసిన పిండిపదార్థం కలుపుతాయి. జాబితాలో 1442 వంటి సంఖ్య కనిపిస్తే అది ఇదే. భయపడవలసిన విషమేమీ కాదు, అయితే అది ఇంటి వంటగదిలో ఉండే వస్తువూ కాదు.

పిల్లల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే నగ్గెట్స్, మోమోలు, ఫ్రైస్ కొనేది వాళ్ల కోసమే. నగ్గెట్ పాకెట్టు మీద రెడీ టు కుక్ అని ఉంటే దాని అర్థం పైపొర వేగి ఎర్రబడినా లోపలి కోడిమాంసం పూర్తిగా ఉడికి ఉండకపోవచ్చునని. చిన్న మంట మీద నిదానంగా వేయించి, ఒకదాన్ని విరిచి లోపల గులాబీ రంగు లేదని చూసి పెట్టాలి. చికెన్ శాతం ఎంతో జాబితాలో చూస్తే, మిగతాది పిండి, నూనె, రొట్టెపొడి అని తెలుస్తుంది. నూనెలో దేవడానికి బదులు ఎయిర్ ఫ్రయర్‌లో పెడితే మనం కలిపే నూనె తగ్గుతుంది, ఫ్యాక్టరీలో ముందే పీల్చుకున్నది తగ్గదు. మోమోలు ఆవిరి మీద ఉడుకుతాయి కనుక ఈ మూడింటిలో కొంత నయం. మోమోలకన్నా వాటి పక్కన పెట్టే మయొనైజ్‌తోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. హైదరాబాదులో మోమోలు తిని జనం అస్వస్థులైన ఘటన తరువాత తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో వెల్లుల్లి, ఎండుమిరప, టమాటా నూరిన పచ్చడి దానికి చక్కగా సరిపోతుంది.

వీటిలో చాలావాటిని పోషకాహార శాస్త్రజ్ఞులు అతిగా శుద్ధిచేసిన ఆహారం అన్న గుంపులో చేరుస్తారు. ఆ గుంపు పట్ల అనుమానానికి గట్టి ఆధారమే ఉంది. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో కెవిన్ హాల్ బృందం 20 మందిని తమ వద్దనే ఉంచుకుని, రెండు వారాలు అటువంటి ఆహారం, రెండు వారాలు సహజ పదార్థాలతో వండిన ఆహారం పెట్టి 2019లో ఫలితాలు ప్రకటించింది. వడ్డించిన ఆహారంలో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉన్నా, ఎంత కావాలంటే అంత తినమన్నప్పుడు మొదటి రకం ఆహారంతో మనుషులు రోజుకు సుమారు 500 కిలో క్యాలరీలు ఎక్కువ తిని బరువు పెరిగారు. ఈ ప్రయోగంలో చల్లదనానికి పాత్ర లేదు. అందువల్ల బఠాణీ పాకెట్టునూ నగ్గెట్ పాకెట్టునూ ఒకే తలుపు వెనుక ఉన్నాయన్న కారణంతో ఒకే గాటన కట్టడం తగదు.

కొనే ముందు చూడవలసిన మరొక విషయం ఆ చలి మన ఇంటిదాకా తెగకుండా వచ్చిందా అన్నది. పాకెట్టును చేత్తో కదిపితే బఠాణీ గలగలలాడాలి. ఒకే ముద్దగా ఉంటే దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. లోపల మంచు పలుకులు పేరుకుని ఉన్నా, పరోటాలు వంకర తిరిగి ఒకదానికొకటి అంటుకుని ఉన్నా వదిలేయడం మంచిది. ఒక చిన్న దుకాణంలో ఐస్‌క్రీమ్ డబ్బాల కింద నలిగి, తేదీ అక్షరాలు మంచులో చెరిగిపోయిన పాకెట్టు అంటగట్టబోతే తిరిగి ఇచ్చేశాను. మే నెలలో 42 డిగ్రీల ఎండలో బైకు మీద వచ్చే సరుకు గురించి యాప్‌లు ఎంత వేగం చెప్పుకున్నా, సంచి విప్పగానే చేతితో తాకి చూడడం మానకూడదు. మెత్తబడిన మాంసపు పాకెట్టును తిరిగి ఫ్రీజర్‌లోకి తోయకుండా ఆ పూటే వండేయాలి, లేదా వాపసు ఇవ్వాలి. దుకాణానికి స్వయంగా వెళ్లినప్పుడు ఫ్రీజర్ అర దగ్గరికి బిల్లు వేయించుకునే ముందు చివరిగా వెళ్లడం, కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తెరవకుండా ఉండడం చిన్న పనులే గానీ ఫలితం పెద్దది.

ఎవరికి ఏది పనికివస్తుందో నా అభిప్రాయం ఇది. బఠాణీ, కార్న్, రొయ్యలు ఏ ఇంటికైనా కొనదగినవి. పరోటా నెలకు ఒకటి రెండుసార్లకు సరే. పూర్తి ట్రే భోజనం అర్ధరాత్రి షిఫ్టు దిగి వచ్చి, అప్పటికి కర్రీ పాయింట్ షట్టరు మూసేసి, హోటల్ బిర్యానీ వద్దనుకునే ఒంటరి మనిషికి ఒకటో రెండో ఫ్రీజర్‌లో ఉంటే పనికొస్తుంది. దాల్ మఖనీ, రాజ్మా వంటి పప్పుజాతి ట్రే ఎంచుకుని, పక్కన ఒక దోసకాయ కోసుకుని, పెరుగు పోసుకుంటే మాంసకృత్తుల లోటూ కొంత తీరుతుంది. నలుగురున్న కుటుంబానికి మాత్రం అది డబ్బు దండగ.

అదే ఫ్రీజర్‌ను మన వంటకు వాడుకుంటే ట్రేల అవసరమే చాలావరకు తప్పుతుంది. ఆదివారం కందిపప్పు రెండింతలు ఉడికించి, టమాటా వేసో పాలకూర వేసో మెదిపి, ఉప్పు తక్కువగా వేసి, గాలి తగలని చిన్న డబ్బాలలో ఒక పూటకు సరిపడా పోసి, వేడి తగ్గిన వెంటనే ఫ్రీజర్‌లో పెడుతున్నాను. గోంగూర కాలంలో నూనెలో మగ్గించిన ముద్దనూ, చింతపండు నుంచి తీసిన గుజ్జునూ అలాగే దాస్తాను. డబ్బా మీద తేదీ రాసిన కాగితం అంటించకపోతే అది మే నెల పప్పో జూలై పప్పో తెలియక గొడవ అవుతుంది. బంగాళదుంప కూర, పెరుగు కలిపినవి మాత్రం పెట్టకూడదు: దుంప ఇసుకలా అవుతుంది, పెరుగు విరిగి నీరు తేలుతుంది. తినే రోజు పొద్దున డబ్బాను ఫ్రిజ్ కింది అరలోకి దించి, రాత్రి పొయ్యి మీద పొగలు వచ్చేవరకు మరిగించి, పోపు అప్పుడే వేసుకోవాలి. ముందే వేసి గడ్డకట్టిస్తే ఆవాలు మెత్తబడి, కరివేపాకు నల్లబడి, ఇంగువ వాసన సగం పోతుంది.